జానెడు పైకి జరిగిన గీత

మధ్యాహ్నం బెల్లు కొట్టి అయిదు నిమిషాలు కూడా కాలేదు. కుంచె అని అందరూ పిలిచే పిల్ల టిఫిన్ డబ్బా మూత సగం వచ్చి, మిగతా సగం మొండికేసింది. దాన్ని మోకాళ్ల మధ్య ఇరికించుకుని లాగుతుండగా ఆమె నేస్తం రేడియో గాలిదుమారంలా క్లాసులోకి దూసుకొచ్చింది.

"నీదే! నీ చేపేనే!"

"కాస్త ఊపిరి తీసుకుని చెప్పవే."

"ఊపిరి తర్వాత తీసుకుంటా. పంప్‌హౌస్ గోడ మీద వేయడానికి నీ బొమ్మనే తీసుకున్నారు! డ్రాయింగ్ టీచర్ నోటీసు బోర్డుకి గుచ్చుతుంటే నేనే చూశా. ఎర్ర పిన్ను కూడా పెట్టారు!"

అంతే, డబ్బా మూత దానంతటదే 'టప్'మని ఊడింది. దానికి కూడా సంతోషం ఆగలేదేమో!

రేడియో అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఇంకెక్కడా వినబడదు. ఒకసారి ఆన్ చేస్తే ఆఫ్ బటన్ ఉండదని వాళ్ల అమ్మే ఆ పేరు పెట్టింది. కుంచెకి ఆ పేరు రావడానికి కారణం వాళ్ల నాన్న. ఆయన సైన్ బోర్డులు రాస్తాడు. పాకే వయసులోనే ఈ పిల్ల నాన్న కుంచె లాక్కుని నోట్లో పెట్టుకుందట. మూడు రోజులు పళ్లు పచ్చగా ఉన్నాయట.

ఆదివారం పొద్దున్నే పని మొదలైంది.

పంప్‌హౌస్ వీధి చివర, కాలువని ఆనుకుని ఉంటుంది. దాని గోడ అడుగుభాగం రోడ్డుకంటే బాగా కింద, కాలువలోకి దిగే మెట్ల దగ్గర మొదలవుతుంది. మెట్ల పక్కన వెడల్పాటి గట్టు ఒకటి ఉంది. కాలువలో నీళ్లు తక్కువగా ఉన్న రోజుల్లో ఆ గట్టు మీద నిలబడితే గోడ కింది సగమంతా చేతికందుతుంది. నాన్న నిచ్చెన వేసుకుని చేప తోక అందుకున్నాడు. డ్రాయింగ్ టీచర్ చేప పొట్ట దగ్గర పొలుసులు దిద్దుతోంది. కుంచెకి చేప మొహం అప్పగించారు. మొహం అంటే మాటలా! చేప బతికినట్టుండాలంటే కన్నే ముఖ్యం.

కన్ను దగ్గరే చిక్కొచ్చి పడింది.

ఆ గోడ మీద ఎప్పటినుంచో ఒక పసుపు గీత ఉంది. వీధిలో పిల్లలందరికీ దాని సంగతి తెలుసు. వానాకాలంలో రోజుకో ఇంటివాళ్లు వంతులవారీగా ఆ గోడని కనిపెట్టి చూడాలి. కాలువ నీళ్లు పసుపు గీతని తాకగానే ఇత్తడి పళ్లెం గరిటెతో మోగించాలి. పళ్లెం మోగితే అందరూ స్కూల్ మేడ మీదికి వెళ్లిపోవాలి. అలా ఆరేళ్ల కిందట ఒకసారి మోగిందట. అప్పటికి కుంచెకి నాలుగేళ్లు. నాన్న భుజం మీద కూర్చుని బిస్కెట్ తిన్నట్టు మాత్రం గుర్తుంది.

ఆ గీత సరిగ్గా చేప కంటి మధ్యలోంచి పోతోంది. కంటికి కట్టు కట్టినట్టుంది. కుంచె ఒక కన్ను మూసి చూసింది. రెండో కన్ను మూసి చూసింది. ఎలా చూసినా చేప దెబ్బ తగిలించుకుని ఆస్పత్రికి పోతున్నట్టే ఉంది.

'కాస్త పైకుంటే ఎంత బాగుండు! కనుబొమ్మలా ఉండేది' అనుకుంది.

టీచర్ కుంచెలు కడగడానికి కుళాయి దగ్గరికెళ్లింది. నాన్న పైన తోకలో మునిగిపోయాడు. కుంచె తన చెయ్యి గోడకి ఆనించి ఒక జాన కొలిచింది. పైన ఇంకో రెండు వేళ్లు కలిపింది. పాత గీత మీద నీలం రంగు పూసేసి, కొత్త చోట పసుపు గీత లాగింది. గీత తాడు పట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది.

'గీత ఉండాలి, ఉంది. జానెడు అటూ ఇటూ అయితే ఏం మునిగిపోతుంది!' అనుకుంది.

నాన్న నిచ్చెన దిగొచ్చి చూశాడు. పాత గీత మీదే మళ్లీ దిద్దిందనుకున్నాడు. "అబ్బో, చెయ్యి ఏమాత్రం వణకలేదే! నా పని ఊడేలా ఉంది" అని మురిసిపోయాడు.

సాయంత్రానికి గోడ మీద చేప నవ్వుతోంది. వీధంతా వచ్చి చూసింది. పంప్‌హౌస్ ఎదురింటి టైలరమ్మమ్మ అయితే మోకాళ్ల నొప్పితో గడప దాటలేక కుర్చీ గడప దగ్గరికే వేయించుకుని మరీ చూసింది.

"కనుబొమ్మ ఎగరేసి నన్నే చూస్తోందే ఇది! ఏమే కుంచే, నీ చేపకి జాకెట్టు కుట్టమంటావా?"

"కొలతలు నువ్వే తీసుకో అమ్మమ్మా!"

ఆ రోజు కుంచె కాళ్లు నేల మీద లేవు.

మంగళవారం వాన పట్టుకుంది. బుధవారం కూడా వదల్లేదు. చినుకులు కిటికీ అద్దాల మీద పరుగుపందాలు పెట్టుకుంటుంటే కుంచె, రేడియో చెరో చినుకు వైపు చేరి కేకలేస్తున్నారు. ఇంతలో క్లాస్ టీచర్ వెనక మేస్త్రీ మామయ్య లోపలికొచ్చాడు. వీధిలో సగం ఇళ్లు ఆయన కట్టినవే. భుజం మీద గాజులా పారదర్శకంగా ఉన్న సన్నటి ప్లాస్టిక్ పైపు చుట్ట ఉంది.

"పైన వానలు గట్టిగా పడుతున్నాయంట. రేపటికి కాలువ పెరగొచ్చని ఫోన్లో మెసేజ్ వచ్చింది. అందుకని మామయ్య మీతో మాట్లాడతానన్నారు" అంది టీచర్.

మామయ్య పైపులో నీలం సిరా కలిపిన నీళ్లు పోశాడు. ఒక చివర రేడియో చేతికిచ్చి, రెండోది తాను పట్టుకుని క్లాసు అవతలి గోడ దాకా నడిచాడు.

"నీ చివర పైకెత్తు. ఊఁ, ఇప్పుడు కిందికి దించు. ఏమైంది?"

"రెండు పక్కలా నీళ్లు ఒకే ఎత్తులో ఉన్నాయి మామయ్యా! నేనేం చేసినా సరే!"

"అదీ సంగతి. మనుషులు అబద్ధం ఆడతారేమోగానీ నీళ్లాడవు. ఎంత దూరం పోయినా ఒకే మట్టంలో నిలబడతాయి. పంప్‌హౌస్ గోడ మీద పసుపు గీత నేను ఈ పైపుతోనే పెట్టా. ఎక్కణ్ణుంచి కొలిచానో తెలుసా?"

ఎవరికీ తెలీదు.

"టైలరమ్మమ్మ గడప నుంచి. వీధిలో అందరికంటే పల్లంలో ఉండేది ఆ ఇల్లే. ఆ గడపకి సరిగ్గా జానెడు కింద ఉంటుంది గీత. నీళ్లు గీతని తాకినప్పుడు రోడ్డు ఇంకా మునగదు. మోరీ ఎక్కడుందో, రోడ్డు ఎక్కడుందో కంటికి కనిపిస్తుంది. ముసలాళ్లూ పిల్లలూ నడిచి స్కూలుకి చేరొచ్చు. అదే గడప దాకా వచ్చాయనుకో, రోడ్డు మునిగిపోయినట్టే. మోకాలి లోతు నీళ్లే కదా అనిపిస్తుంది. కానీ పారే నీళ్లు పెద్దోణ్ణి కూడా పడగొట్టేస్తాయి. కింద మోరీ మూత లేచిపోయినా కనబడదు." ఆయన తన పెద్ద చెయ్యి చాపి బొటనవేలు నుంచి చిటికెనవేలు దాకా చూపించాడు. "ఈ జానెడు ఉందే, ఇదే మనకి గంట టైము."

క్లాసంతా తమ తమ జానలు చూసుకుంది. కుంచె మాత్రం చెయ్యి పిడికిలి బిగించి బెంచీ కింద దాచుకుంది.

ఒక జాన. పైన రెండు వేళ్లు.

సాయంత్రం బెల్లు కొట్టగానే రేడియోకి కూడా చెప్పకుండా బయటపడింది. ఇంట్లో ఎవరూ లేరు. పసుపు రంగు డబ్బా, వెడల్పు కుంచె తీసుకుని గొడుగు వేసుకుంది. 'ఎవరూ చూడకముందే పాత చోట గీసేస్తే సరి. ఎవరికీ ఏమీ తెలియక్కర్లేదు' అనుకుంది.

కాలువ తీరే మారిపోయింది. ఆదివారం నాటి బద్ధకం నీళ్లు కావవి. టీ రంగులో సుళ్లు తిరుగుతున్నాయి. గట్టుకి ఇంకా మూడు మెట్లు కిందే ఉన్నాయి గానీ, చప్పుడు మాత్రం పక్కనే లారీ పోతున్నట్టుంది.

కుంచె మొదటి మెట్టు దిగింది. రెండో మెట్టు మీద కాలు పెట్టగానే నాచు సర్రున జారింది. ధబ్బున మెట్టు మీద కూలబడింది. రంగు డబ్బా పక్కకి దొర్లి ఆగింది. కుడికాలి చెప్పు మాత్రం ఎగిరి నీళ్లలో పడింది.

చెప్పు ఒక్కసారి గిరగిరా తిరిగింది. అంతే. ఒకటి, రెండు అని లెక్కపెట్టేలోపు వంతెన కిందికి వెళ్లిపోయింది. అవతలి వైపు తేలుతుందేమోనని కుంచె చూసింది. తేలలేదు.

మెట్టు మీద కూర్చునే, వెనక్కి జరుగుతూ జరుగుతూ రోడ్డు మీదికొచ్చింది. గోడ మీద చేప కనుబొమ్మ ఎగరేసి తననే అడుగుతున్నట్టుంది, 'ఇప్పుడేం చేస్తావ్?' అని.

కుంచె ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు వట్టిదిగా, నాన్న షాపు వైపు నడిచింది. ముందు మెల్లగా, తర్వాత గబగబా.

నాన్న "ఇల్లు అద్దెకు" అన్న బోర్డు మీద చివరి అక్షరం దిద్దుతున్నాడు.

"నాన్నా, గోడ మీద గీత నేను జరిపాను. పైకి. చేప కంటికి అడ్డొచ్చిందని."

మాటలు వచ్చేశాయి. అప్పటిదాకా గొంతులో ఇరుక్కున్న డబ్బా మూత ఊడినట్టయింది. నాన్న చేతిలోని కుంచె పక్కన పెట్టాడు. కూతురి మొహం చూశాడు. తర్వాత కాళ్లు చూశాడు.

"చెప్పేదమ్మా?"

"కాలువలో." ఇక ఏడుపు ఆగలేదు. "నేనే మళ్లీ గీసేద్దామని వెళ్లా."

నాన్న కిందికి వంగి, తుడుపు గుడ్డతో ఆ వట్టి పాదం తుడిచాడు. గుడ్డకి ఉన్న ఎర్ర రంగు పాదానికి అంటుకుంది.

"గీత మళ్లీ గీయగలను. నిన్ను గీయలేను కదే" అన్నాడు. "నేనూ సరిగ్గా చూడలేదు. గీత తిన్నగా ఉందని మురిసిపోయానే గానీ ఎక్కడుందో చూడలేదు. పద, మేస్త్రీ బావ దగ్గరికి పోదాం."

మేస్త్రీ మామయ్య అంతా విని తల గోక్కున్నాడు. "ఆరేళ్లలో ఆ గీతని వరద కూడా కదపలేకపోయింది. నువ్వు కదిపావు. గట్టిదానివే!" అన్నాడు. తిట్టాడో మెచ్చుకున్నాడో కుంచెకి అర్థం కాలేదు. ఆయన అప్పటికే పైపు భుజాన వేసుకున్నాడు.

టైలరమ్మమ్మ ఇంటి గడప దగ్గర కుంచెని కూర్చోబెట్టి పైపు ఒక చివర చేతికిచ్చారు. "నీలం నీళ్లు గడప పైఅంచుకి సరిగ్గా ఉండాలి. తుమ్మొచ్చినా కదలకూడదు" అన్నాడు మామయ్య. ఆయన నడుముకి తాడు కట్టుకుని గట్టు మీదికి దిగాడు. నాన్న తాడు రెండో కొసని రోడ్డు పక్క ఇనప స్తంభానికి కట్టి గట్టిగా పట్టుకున్నాడు. పెద్దవాళ్లు కూడా తాడు లేకుండా దిగలేదని కుంచె చూసింది.

"ఉందా?" కాలువ చప్పుడు మీంచి కేక.

"ఉంది మామయ్యా!"

"గడప మట్టం దొరికింది! నీ కనుబొమ్మ దీనికి రెండంటే రెండు వేళ్ల కింద ఉంది!"

రెండు వేళ్లు! కుంచె తన రెండు వేళ్ల వైపు చూసుకుంది. వెనక కుర్చీలో ఉన్న అమ్మమ్మ మోకాళ్ల వైపు చూసింది. ఈ మోకాళ్లతో ఆ రెండు వేళ్ల టైములో అమ్మమ్మ కుర్చీలోంచి లేవడం కూడా కష్టమే.

"అమ్మమ్మా, నన్ను తిట్టు."

"తర్వాత తీరిగ్గా తిడతాలే. ముందు పైపు తిన్నగా పట్టుకో."

తడి గోడకి రంగు పట్టదు. ఆ సంగతి రంగులవాడి కూతురికి వేరే చెప్పక్కర్లేదు. మరి గీత ఎలా? అమ్మమ్మే ఉపాయం చెప్పింది. పెట్టెలోంచి పసుపు లైనింగ్ గుడ్డ తీసి, రెండు వేళ్ల వెడల్పున పొడుగ్గా చింపింది. మెడలోని కొలత టేపు కూడా తీసిచ్చింది. మామయ్య గడప మట్టం నుంచి తొమ్మిదంగుళాలు కిందికి కొలిచి, గుడ్డని మేకులతో గోడకి కొట్టాడు.

మొదటి మేకు మొప్ప దగ్గర పడింది. చివరిది సరిగ్గా చేప కంటి నల్లగుడ్డులో దిగింది. కుంచెకి కళ్లు మూసుకోవాలనిపించింది. మూసుకోలేదు.

"ఇంకొకటి కూడా కొట్టు మామయ్యా. గాలికి ఊడిపోకూడదు" అంది.

పని అయిపోయిందనుకుని పెద్దవాళ్లు తాడు చుడుతున్నారు. కుంచెకి మాత్రం అవ్వలేదు. "అందరికీ గోడ మీద గీతే తెలుసు. గుడ్డ సంగతి ఎవరికి తెలుసు? నేను చెప్పొస్తాను. ఇంటింటికీ."

"ఫోన్లో పెట్టేద్దాంలేవే" అన్నాడు నాన్న.

"పెట్టు నాన్నా. అందరూ చూడరు కదా! నేనూ వెళ్తా."

వీధిలో ఇరవై రెండు ఇళ్లు. తోడుకి రేడియో వచ్చింది. అంతా విన్నాక రేడియో నోరు మొదటిసారిగా అర నిమిషం మూతపడింది. తర్వాత, "సగం ఇళ్లలో నేను చెప్తాలే. నువ్వు జరిపావని చెప్పకుండా, గీత జరిగిపోయిందని చెప్తా" అంది.

"గీతకి కాళ్లున్నాయా జరగడానికి! నేనే జరిపానని నేనే చెప్తా. నువ్వు గొడుగు పట్టు."

మొదటి ఇంట్లో చెప్పేటప్పుడు గొంతు పీలగా వచ్చింది. మూడో ఇంట్లో, "చూడ్డానికి బుద్ధిమంతురాలివే!" అని ఒక పిన్ని బుగ్గలు నొక్కుకుంది. కుంచె తల దించుకుని, "తప్పే పిన్నీ. రేపు మాత్రం గీత చూడకండి, పసుపు గుడ్డ చూడండి" అంది. తొమ్మిదో ఇల్లు కొత్తగా పెళ్లయిన జంటది. ఇద్దరూ ఒకే తువ్వాలు కప్పుకుని నవ్వుతూ తలుపు తీశారు. అంతా వినేసి, "మేమొచ్చి వారమే అయింది. పళ్లెం మోగితే ఏం చెయ్యాలో మాకు తెలీదు. కాస్త చెప్పవూ?" అన్నారు. రేడియో వదులుతుందా? మెయిన్ స్విచ్ ఎప్పుడు ఆపాలి, గ్యాస్ ఎలా కట్టెయ్యాలి, కాగితాలు ప్లాస్టిక్ కవర్లో ఎలా చుట్టాలి, మందులు, టార్చి, తాగే నీళ్లు, ఫోన్ చార్జింగు... ఏకబిగిన చదివేసింది. ఆ కొత్తపెళ్లికొడుకు బుద్ధిగా అరచేతి మీద రాసుకున్నాడు.

ఇరవై రెండో ఇంటికొచ్చేసరికి కుంచె గొంతు పీలగా లేదు. బొంగురుపోయింది, అంతే.

మర్నాడు స్కూలుకి సెలవిచ్చారు. గోడ చూసే వంతు ఆ రోజు మూడో ఇంటి పిన్నిది. పదకొండు గంటలవేళ, వాన కాస్త తెరిపిచ్చి, 'ఇక తగ్గినట్టే' అని అందరూ అనుకుంటుండగా మోగింది.

ఠంగ్! ఠంగ్! ఠంగ్!

నీళ్లు పసుపు గుడ్డని తాకాయి. నిన్నటి కనుబొమ్మ ఇంకా నీళ్లకి జానెడు పైన ఉంది.

ఇంట్లో అమ్మ మెయిన్ స్విచ్ ఆపింది. నాన్న గ్యాస్ కట్టేశాడు. కుంచె సంచి భుజాన వేసుకుని అమ్మమ్మ ఇంటికి పరిగెత్తింది. అప్పటికే మేస్త్రీ మామయ్యా, కొత్తపెళ్లికొడుకూ చెరోవైపు పట్టి అమ్మమ్మని కుర్చీతో సహా ఎత్తారు.

"నా కత్తెర!" అంది అమ్మమ్మ.

"నిన్ననే సంచిలో పెట్టా అమ్మమ్మా. మోకాళ్ల మాత్రలు కూడా పెట్టా. కళ్లజోడు నీ ముక్కు మీదే ఉంది."

రోడ్డు మీదికి కాలువ నీళ్లు ఇంకా రాలేదు. మోరీ మూతలన్నీ కంటికి కనబడుతున్నాయి. కుర్చీలో ఊగుతూ అమ్మమ్మ, "పెళ్లినాడు కూడా నన్నింత గొప్పగా ఎవరూ ఊరేగించలేదు!" అంది. కొత్తపెళ్లికూతురు వెనకాల కుర్చీకి గొడుగు పడుతూ పకపకా నవ్వింది.

ఇరవై రెండు ఇళ్లవాళ్లూ మేడ మీదికి చేరారు. క్లాస్ టీచర్ హాజరు పట్టీ తీసి ఇంటింటి లెక్కా సరిచూసింది. పైనుంచి కిటికీలోంచి చూస్తే గోడ కనబడుతోంది. నీళ్లు గుడ్డని మింగాయి. చేప కంటిని మింగాయి. మెల్లగా రోడ్డు మీదికి పాకాయి. మోరీ మూతలు మాయమయ్యాయి. ఒక చోట నీళ్లు బుడబుడా గిరగిరా తిరుగుతున్నాయి.

"అక్కడ మూత లేచిపోయింది" అన్నాడు మామయ్య మెల్లగా.

నీళ్లు కనుబొమ్మని కూడా తాకాయి. ఆ వెంటనే, నిజంగా రెండు వేళ్లంత తేడాలోనే, టైలరమ్మమ్మ గడప దాటి లోపలికి వెళ్లాయి. కుంచె గోడ గడియారం చూసింది. పళ్లెం మోగి గంటా అయిదు నిమిషాలు.

వెనక నుంచి ఒక చెయ్యి వచ్చి ఆమె చేతిని పట్టుకుంది. సూదిపోట్లతో గరుకైన వేళ్లు.

"నిన్ను తిడతానన్నా కదూ! ఆలోచిస్తున్నా, ఏమని తిట్టాలా అని. ఇంకా మాట దొరకలేదే" అంది అమ్మమ్మ.

"ఇంట్లోకి నీళ్లొచ్చాయి అమ్మమ్మా. నీ మిషను..."

"మిషను బల్ల మీద పెట్టించా. తడిస్తే ఆరుతుంది. నేను ఇక్కడున్నా కదే!"

సాయంత్రానికి వాన ఆగింది. టీ, బ్రెడ్డు తింటూ అందరూ కబుర్లలో పడ్డారు. కిటికీ దగ్గర కాపలా మాత్రం వదల్లేదు. పైన కాలువ గేట్లు దించారని ఫోన్లో కబురొచ్చింది. చీకటి పడకముందే నీళ్లు తగ్గడం మొదలైంది. ఒకాయన ప్యాంటు మడతపెట్టి, "మోకాలి లోతే కదా, ఒక్కసారి ఇల్లు చూసొస్తా" అన్నాడు.

"అంకుల్!" అంది కుంచె. బొంగురు గొంతు గది చివరిదాకా వినబడింది. "నా చెప్పు నిన్న ఆ కాలువలోనే పోయింది. రెండు లెక్కపెట్టేలోపే! మళ్లీ కనబడలేదు. పసుపు గుడ్డ బయటపడేదాకా ఎవరూ కిందికి దిగొద్దు."

అందరూ ఆమె కాళ్ల వైపు చూశారు. ఒక కాలికి పాత చెప్పు, రెండో కాలికి అమ్మ చెప్పు. ఎవరో నవ్వారు గానీ, అంకుల్ మాత్రం ప్యాంటు మడత విప్పేసి కూర్చున్నాడు.

కుంచె నల్లబల్ల దగ్గరికి నడిచింది. నిన్న రాత్రంతా ఆలోచించి పెట్టుకున్న మాట అది. సుద్దముక్క తీసుకుని, నాన్న బోర్డు రాసినంత గుండ్రంగా రాసింది:

'రేపు గోడకి గీత చెక్కుదాం. పసుపు గుడ్డ బయటపడ్డాకే.'

"రేపు మేస్త్రీ మామయ్య గోడకి ఉలితో గీత చెక్కుతారు" అంది అందరి వైపు తిరిగి. "నేనే అడిగా. ఒప్పుకున్నారు. చెక్కిన గీతని ఎవరూ జరపలేరు. నేను కూడా."

"మరి చేప?" రేడియో ఆగలేకపోయింది. "దాని కన్ను చెక్కేస్తారా?"

"గోడ ఆరాక చేపకి కన్ను కిందికి దించుతా. గీత ఎక్కడుందో చూసుకుని చేపే సర్దుకోవాలి." కుంచె సుద్దముక్క మామయ్య వైపు చూపించింది. "ముందు గీత. గడప దగ్గర పైపు ఈ చివర నేను పట్టుకుంటా. పొద్దున నీళ్లు ఎన్నింటికి దిగితే అన్నింటికి. బూట్లున్నవాళ్లే రావాలి."

"నీకు బూట్లేవే?" అడిగింది అమ్మమ్మ కుర్చీలోంచి.

కుంచె తన రెండు రకాల చెప్పుల వైపు చూసుకుంది. తర్వాత నల్లబల్ల మీద కింద ఇంకో వాక్యం రాసింది:

'ఎవరి దగ్గరైనా నా సైజు బూట్లుంటే రేపటికి అప్పివ్వండి.'